ఫోటోలో చీర రంగు ఎందుకు మారుతుంది, ముఖం ఎందుకు మసకబారుతుంది?

ఒడిశా సరిహద్దు పట్టణాలైన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురాలలో తెలుగు కుటుంబాలు నడుపుకునే బట్టల వ్యాపారంలో కొంత భాగం ఇప్పుడు ఫోన్ తెర మీదికి చేరింది. మగ్గం మీంచి దించిన చీరను ఇంటి ముందు గదిలోనే ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే, విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉన్నవాళ్లు చూసి, చేత్తో ముట్టుకోకుండానే డబ్బు పంపుతున్నారు. ఇలాంటి బేరంలో సరుకుకు ఫోటోయే హామీ. కనుకనే "ఫోటోలో చూసిన రంగు రాలేదు" అన్న ఒక్క మాట నేతగాడి కష్టాన్నీ, అమ్మినవాళ్ల నిజాయితీనీ కూడా అనుమానంలో పడేస్తుంది. పెళ్లిళ్లకూ శుభకార్యాలకూ ఫోటోలు తీయడం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లది ఇంకో రకం బాధ: చెవికమ్మలోని రాయి మెరుస్తూ స్పష్టంగా వస్తుంది, కన్ను మాత్రం మసకగా ఉంటుంది.

ఈ రెండు సందర్భాల్లోనూ మొదటి అనుమానం కెమెరా మీదికే పోతుంది. నా ఉద్దేశంలో అది చాలాసార్లు అన్యాయమైన అనుమానం. "రంగు తేడా", "మసక" అనే రెండు మాటల కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని అనేక కారణాలు దాగి ఉన్నాయి. ఏది ఏ కారణం వల్ల జరిగిందో విడదీసి చూడనంతవరకు ఎంత ఖరీదైన కెమెరా కొన్నా అదే లోపం తిరిగి వస్తుంది.

వెలుతురు మెత్తగా ఉండటం అంటే ఏమిటి

ఫోటోగ్రాఫర్లు హార్డ్ లైట్, సాఫ్ట్ లైట్ అనే మాటలు తరచుగా వాడతారు. నీడ అంచు కత్తిరించినట్టు పడితే అది హార్డ్ లైట్, నీడ క్రమంగా కరిగిపోతే అది సాఫ్ట్ లైట్. ఈ తేడాను నిర్ణయించేది దీపం ఎంత ప్రకాశవంతమైనదన్న విషయం కాదు; ఫోటో తీయబోయే మనిషి ఉన్న చోటునుంచి చూస్తే ఆ దీపం ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్నదే. సూర్యుడు ఎంత పెద్దవాడైనా, దూరం వల్ల ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పు మాత్రమే కనిపిస్తాడు కాబట్టి ఎండ హార్డ్ లైట్ అవుతుంది. మబ్బు పట్టినప్పుడు ఆకాశమంతా ఒకే దీపంలా మారి, అదే ఎండ సాఫ్ట్ లైట్ అవుతుంది. గది మధ్యలో వేలాడే చిన్న బల్బు ముక్కు కింద నల్లటి నీడ వేస్తే, వీధి వైపు తెరిచిన తలుపు పక్కన నిలబడ్డ మనిషి ముఖం మీద వెలుగునుంచి నీడకు మార్పు ఎక్కడ మొదలైందో కూడా తెలియదు.

బరంపురం సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దానివల్ల మే నెల మధ్యలోనూ, మళ్లీ జూలై చివరలోనూ మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. ఆ వేళ ఆరుబయట తీసిన ముఖాల్లో కళ్లు నుదుటి నీడలో మునిగిపోతాయి, ముక్కు నీడ పైపెదవి మీద పడుతుంది. ఎండ ఎక్కువగా ఉంటే ఫోటో బాగా వస్తుందన్న నమ్మకం ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది. అదే మధ్యాహ్నం, పాత వీధుల్లోని ఇళ్ల అరుగు మీద, చూరు నీడలో, ముఖం వీధి వైపు తిప్పి నిలబెడితే ఎదుట ఉన్న ఆకాశమూ, ఎండ పడిన నేలా కలిసి పెద్ద సాఫ్ట్ లైట్‌గా పనిచేస్తాయి. మనిషి కంటిపాపలో తెల్లని మెరుపుచుక్క కనిపిస్తే వెలుతురు కళ్లదాకా చేరిందని అర్థం. ఫోటో నొక్కేముందు చూసుకోవడానికి ఇంతకంటే నమ్మదగిన గుర్తు లేదు.

దీపాన్ని దగ్గర పెట్టాలా, దూరం పెట్టాలా

చిన్న దీపంనుంచి వచ్చే వెలుతురు దూరానికి వర్గ నిష్పత్తిలో తగ్గుతుంది. అంటే దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతు అవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిదో వంతు అవుతుంది. ఈ నియమం నిలువెత్తు చీర ఫోటోలో ఎలా దెబ్బతీస్తుందో ఒక లెక్కలో చూడవచ్చు. చీర కట్టుకున్న మనిషికి ఎదురుగా, ముఖం ఎత్తులో, 1 మీటరు దూరంలో దీపం పెట్టామనుకుందాం. కుచ్చిళ్ల కింది అంచు ముఖానికి 1.5 మీటర్ల దిగువన ఉంటే, దీపంనుంచి ఆ అంచుకు దూరం సుమారు 1.8 మీటర్లు అవుతుంది. అక్కడికి చేరే వెలుతురు ముఖం మీద పడేదానిలో మూడో వంతు కూడా ఉండదు. ఏటవాలుగా పడటం వల్ల అది ఇంకా తగ్గుతుంది. ముఖం మరీ తెల్లగా వచ్చి, చీరలో అందమైన అంచు చీకట్లోకి పోవడానికి ఇదే కారణం. దీపాన్ని 3 మీటర్ల దూరానికి జరిపితే అంచుకు దూరం సుమారు 3.35 మీటర్లు అవుతుంది, వెలుతురు ముఖం మీది దానిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు చేరుతుంది.

కాని దీపం వెనక్కి జరిగినకొద్దీ మొత్తం వెలుతురు తొమ్మిదో వంతుకు పడిపోతుంది, పైగా దీపం చిన్నదిగా కనిపించి నీడలు గట్టిపడతాయి. సమానంగా పరుచుకోవడం, మెత్తగా ఉండటం, సరిపడినంత ఉండటం అనే మూడూ ఒక చిన్న దీపంనుంచి ఒకేసారి రావు. పెద్ద కిటికీనో, తెరిచిన తలుపునో, తెల్ల పంచె తెరగా కట్టిన వెడల్పాటి దీపాన్నో వెతుక్కోవలసి రావడానికి మూలం ఈ చిక్కే. నీడ పడిన వైపు తెల్లటి థర్మోకోల్ అట్ట నిలబెట్టడం వల్ల కలిగే లాభం కూడా ఇక్కడిదే: పెద్ద అట్ట ఖర్చులేని రెండో దీపం అవుతుంది.

ఎర్ర పట్టు ట్యూబ్‌లైటు కింద ఎందుకు చచ్చుబడుతుంది

బట్టల దుకాణంలో మన పెద్దవాళ్లు చీరను గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో చూసి గాని మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ తీసుకునేవారు కాదు. వాళ్ల జాగ్రత్తకు గట్టి శాస్త్రీయ ఆధారం ఉంది. వెలుతురుకు రెండు వేర్వేరు రంగు గుణాలు ఉన్నాయి, వాటిని కలగాపులగం చేయడం వల్లే చాలా గందరగోళం పుడుతుంది.

మొదటిది రంగు ఉష్ణోగ్రత, అంటే వెలుతురు పసుపు వైపు ఉందో నీలం వైపు ఉందో కెల్విన్లలో చెప్పే కొలత; అంకె పెరిగేకొద్దీ వెలుతురు నీలం వైపు మొగ్గుతుంది. పాత ఫిలమెంట్ బల్బు పసుపు వెలుగు సుమారు 2700 కెల్విన్లు, నడిపగటి ఎండ సుమారు 5500, ఇళ్లలో ఎక్కువగా వాడే తెల్లని ఎల్ఈడీ ట్యూబులు 6500, ఆకాశపు నీలిమ మాత్రమే అందే నీడ చోట్లు ఇంకా ఎక్కువ. కెమెరాలోని వైట్ బ్యాలెన్స్ ఈ తేడాను సరిదిద్దుతుంది. అయితే అది ఒకేసారి ఒక రకపు వెలుతురును మాత్రమే సరిచేయగలదు. ఒక పక్క కిటికీ, మరో పక్క పసుపు బల్బు ఉన్నప్పుడు చీరలో సగం నీలంగానో సగం పసుపుగానో మిగలక తప్పదు. పగలు కిటికీ పక్కన ఫోటో తీసేటప్పుడు గదిలో దీపాలు ఆర్పేస్తే రంగు బాగుపడటానికి కారణం ఇదే.

రెండోది రంగుల విశ్వసనీయత. దీపాల పెట్టె మీద సీఆర్ఐ అనే అంకె కనిపిస్తుంది. ఎండకు దగ్గరగా రంగులను చూపించే దీపానికి అది 100కు దగ్గరగా ఉంటుంది. మామూలు ఎల్ఈడీలకు 80 ప్రాంతంలో ఉంటుంది. ఇక్కడ పట్టు వ్యాపారులు తప్పక గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ అంకెను 8 నమూనా రంగుల సగటుగా కడతారు, అవన్నీ కాస్త లేత రంగులే. గాఢమైన ఎరుపు ఆర్9 అనే పేరుతో విడిగా ఉంటుంది, సగటులోకి రాదు. కనుక సీఆర్ఐ 80 ఉన్న ట్యూబ్‌లైటు ఎరుపు విషయంలో చాలా బలహీనంగా ఉండవచ్చు, పెట్టె మీది అంకె ఆ సంగతి చెప్పదు. కుంకుమ ఎరుపు, దానిమ్మ రంగు, మెరూన్ పట్టు అలాంటి దీపం కింద గోధుమ వన్నెకు దిగిపోతాయి. దీపం వెలుగులోనే తగినంత ఎరుపు లేకపోతే ఏ వైట్ బ్యాలెన్సూ దాన్ని పుట్టించలేదు. ఆర్9 విలువను విడిగా ముద్రించిన దీపం దొరికితే అదే నమ్మదగినది.

మూడో ప్రమాదం ఫోన్ ఆలోచనా విధానంలో ఉంది. దృశ్యంలోని రంగులన్నీ కలిసి సుమారుగా బూడిద రంగు కావాలన్న అంచనా చాలా ఆటోమేటిక్ వైట్ బ్యాలెన్స్ పద్ధతుల్లో ఏదో ఒక రూపంలో ఉంటుంది. తెర నిండా ఎర్ర చీరే ఉంటే, ఎరుపు దీపంనుంచి వచ్చిందని పొరబడి ఫోన్ దాన్ని తగ్గించేస్తుంది. చీర పక్కన తెల్లకాగితమో తెల్ల గోడో కొంత కనిపించేలా తీస్తే ఫోన్‌కు ఆధారం దొరుకుతుంది. ఆకుపచ్చ డిస్టెంపరు వేసిన గదిలో మాత్రం జాగ్రత్త అవసరం: గోడనుంచి తిరిగి పడే వెలుతురు ఆకుపచ్చగా మారి, తెల్ల బట్ట మడతల్లోనూ, ముఖం నీడ పక్కనా చేరి కూర్చుంటుంది.

పట్టు, జరీ: మెరిసే బట్టల ప్రత్యేక సమస్య

బరంపురం పట్టును దగ్గరగా చూస్తే సమస్య కళ్లకు కడుతుంది. మెరూన్ ఒంటి రంగు మీదికి గుడి శిఖరాల వరుసలా పళ్లు పళ్లుగా ఎక్కే ఫోడకుంభ అంచు ఉంటుంది. చీరను మంచం మీద పరిచి, కెమెరాలోని ఫ్లాష్ వేసి తీస్తే, అంచు దగ్గర జరీ తెల్లటి మరకగా పేలిపోతుంది, ఆ పళ్ల మొనలు ఎక్కడ ఆగాయో తెలియదు, ఒంటిలోని పడుగూ పేకా కలిసిపోయి ప్లాస్టిక్ రేకులా కనిపిస్తుంది. అదే చీరను కదపకుండా, ఫ్లాష్ ఆపి, పక్కనున్న తలుపు తెరిస్తే, వెలుతురు బట్ట మీదుగా ఏటవాలుగా పాకి ప్రతి పోగుకూ ఒక సన్నని నీడ ఇస్తుంది. నేత కనిపించడమంటే ఆ నీడలు కనిపించడమే.

జరీ లోహపు అద్దంలా ప్రవర్తిస్తుంది, అంటే దాని రంగు ఎదుట ఉన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎదుట చీకటి గది ఉంటే జరీ నల్లబడుతుంది, ఎదుట పెద్ద తెల్ల అట్ట ఉంటే నిండుగా బంగారు వన్నె చూపుతుంది. గాజు మీదా నీటి మీదా మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ లోహపు మెరుపు మీద దాదాపు పనిచేయదు కాబట్టి, జరీ కోసం దాన్ని కొనడం డబ్బు దండగ. పడుగు ఒక రంగు, పేక మరో రంగు ఉన్న నెమలికంఠం చీరల విషయంలో ఇంకో నిజాన్ని ఒప్పుకోవాలి: వాటికి ఒకే సరైన రంగు లేదు. చూసే కోణం మారితే రంగు మారుతుంది, అందువల్ల ఒక్క ఫోటో ఎంత బాగా తీసినా సగం నిజమే చెబుతుంది. మడతలు పడేలా వేలాడదీసి తీయడమో, రెండు కోణాల్లో తీసి రెండూ పంపడమో అక్కడ న్యాయం.

తెల్ల పంచె బూడిద రంగుకు, నల్ల చీర వెలిసిపోయిన రంగుకు మారడం

కెమెరా వెలుతురును కొలిచేటప్పుడు ఎదుట ఉన్నది మధ్యస్థమైన బూడిద ఛాయ అని అనుకుంటుంది. తెర నిండా తెల్ల పంచె ఉంటే దాన్ని బూడిద వన్నెకు దించుతుంది, నల్ల చీర ఉంటే దాన్ని బూడిద వన్నెకు ఎత్తుతుంది. కెమెరాలో ఫోటోను ఇంకా వెలుగుగానో చీకటిగానో తీయమని చెప్పే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను తెలుపుకు సుమారు +1, నలుపుకు సుమారు -1 పెడితే అసలు ఛాయ తిరిగి వస్తుంది. ఫోన్‌లో బట్ట మీద వేలు పెట్టి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును పైకో కిందికో జరపడం కూడా ఇదే పని.

మనుషుల విషయంలో ఇది సున్నితమైన అంశం. చామనఛాయ ముఖాలను ఫోన్లు తమంతట తాముగా తెల్లబరచడం చాలామంది గమనించే ఉంటారు. ఫిల్మ్ రోజుల్లో కొడాక్ పంపిన రంగుల ప్రమాణ కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీల బొమ్మలే ఉండేవి, ముద్రణలో చర్మపు రంగులను ఆ కార్డులతోనే సరిచూసేవారు. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోన్‌లో రియల్ టోన్ పేరుతో ముదురు ఛాయలను ఉన్నవున్నట్టుగా చూపే ప్రయత్నాన్ని ప్రకటించిందంటే, ఈ పక్షపాతం అంతకాలం నిలిచి ఉందన్న మాట. బ్యూటీ మోడ్ ఆపివేయడం వల్ల ముఖం నిజమైన ఛాయ నిలుస్తుంది, ఆ ముఖం పక్కన చీర రంగు కూడా నమ్మదగినదిగా ఉంటుంది.

మసక అనే మాట కింద ఎన్ని కారణాలున్నాయి

మసకగా వచ్చిన ఫోటోను చెరిపేయకుండా పెద్దది చేసి చూస్తే కారణం సాధారణంగా అందులోనే రాసి ఉంటుంది. కన్ను మసకగా ఉండి, చెవో వెనకున్న గోడో స్పష్టంగా ఉంటే ఫోకస్ వేరే చోట కూర్చుంది. ఫోటో మొత్తం ఒకే దిశలో సాగినట్టుంటే చేయి కదిలింది. గోడ స్పష్టంగా ఉండి ముఖమో చెయ్యో సాగితే మనిషి కదిలాడు. ఏదీ సాగకుండానే జుట్టు, నేత రెండూ రంగు పూసినట్టు కలిసిపోతే, చీకట్లో తీసిన ఫోటోలో కనిపించే చుక్కచుక్కల గరుకును తుడిచేయబోయి ఫోన్ సన్నని వివరాలను కూడా తుడిచేసింది. దీపాల చుట్టూ పొగలాంటి వలయం ఉంటే లెన్స్ మీద చేతి జిడ్డు ఉంది, దానికి మెత్తని గుడ్డ చాలు.

చేయి కదలడానికీ, మనిషి కదలడానికీ విరుగుడు షట్టర్ వేగం, అంటే ఫోటో తీసేటప్పుడు కెమెరా ఎంతసేపు వెలుతురును లోపలికి రానిస్తుందన్నది. నిలబడి పోజిచ్చే మనిషికి సెకనులో 125వ వంతు చాలావరకు సరిపోతుంది. సెకనులో 30వ వంతు వద్ద తీస్తున్నవారు అక్కడికి మారితే లోపలికి వచ్చే వెలుతురు నాలుగో వంతు అవుతుంది, కాబట్టి అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్ఓను 400నుంచి 1600కు పెంచాలి. ఐఎస్ఓ పెంచితే గరుకు వస్తుందన్న భయంతో కొత్తవారు వేగాన్ని తగ్గించుకుంటారు. గరుకుగా ఉన్న కంటిని చూడగలం, సాగిపోయిన కంటిని బాగుచేయలేం. ఈ రెంటిలో ఎటు మొగ్గాలన్నదానిపై నాకు సందేహం లేదు. ఇక్కడ కరెంటు దీపాల చిక్కు ఒకటి ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడంవల్ల చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ వేగం మరీ పెంచితే ఫోటోలో అడ్డగీతలు పడతాయి. 50వ వంతో 100వ వంతో పెడితే మినుకు మొత్తంగా లెక్కలోకి వచ్చి గీతలు పోతాయి.

ఫోకస్ పొర ఎంత పలచన: ఒక లెక్క

లెన్స్ కచ్చితంగా ఒక దూరం మీదనే ఫోకస్ చేయగలదు. దానికి కాస్త ముందూ వెనకా కూడా స్పష్టంగా అనిపించే మందాన్ని ఫోకస్ లోతు అంటారు. ప్రారంభంలో చాలామంది కొనే, ఏపీఎస్-సీ అనే మధ్యస్థ సైజు సెన్సర్ ఉన్న కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్స్ తగిలించి, 1.5 మీటర్ల దూరంనుంచి, ఎఫ్ 1.8 అపర్చర్‌తో (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ముఖాన్ని తీస్తే ఆ లోతు మొత్తం సుమారు 6.5 సెంటీమీటర్లు మాత్రమే. అంటే ముందుకు 3, వెనక్కి 3 సెంటీమీటర్ల పైచిలుకు. ఫోకస్ ముక్కుపుడక మీదో, నుదుటి ముందుకు వేలాడే పాపిటబిళ్ల మీదో కూర్చుంటే, వాటి వెనక ఉన్న కన్ను హద్దు దాటిపోవచ్చు. ఆటోఫోకస్ గట్టి అంచులున్న, కాంతివంతమైన వస్తువులను సులభంగా పట్టుకుంటుంది కాబట్టి నగలు పెట్టుకున్న పెళ్లికూతురి ఫోటోలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఇంకో పాత అలవాటు కూడా ఇక్కడే దెబ్బతీస్తుంది. మధ్య బిందువును కంటి మీద పెట్టి ఫోకస్ చేసి, ఆ తరవాత కెమెరాను తిప్పి ఫోటో కూర్చుకోవడం అనుభవజ్ఞులు నేర్పే పద్ధతే. 1.5 మీటర్ల దూరంలో కెమెరాను 15 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం కంటికి సుమారు 5 సెంటీమీటర్ల వెనక్కి పోతుంది. ఎఫ్ 1.8 వద్ద కన్ను ఆ పలచని లోతును దాటి మసకబారుతుంది, ఎఫ్ 5.6 వద్ద లోతు సుమారు 20 సెంటీమీటర్లు కాబట్టి ఆ తప్పు కనిపించనే కనిపించదు. ఈ పద్ధతి మంచిదని వాదించేవారూ, పనికిరాదని వాదించేవారూ వేర్వేరు అపర్చర్ల అనుభవంతో మాట్లాడుతున్నారు కాబట్టి ఇద్దరిదీ నిజమే. కంటిని తనంతట తానే పట్టుకునే ఐ ఆటోఫోకస్ ఉన్న కెమెరాలో ఈ చర్చకు అవసరం తక్కువ.

అపర్చర్ ఎంత తెరవాలన్న దానిమీద కూడా రెండు పక్షాలున్నాయి. వెనక ఉన్నదంతా కరిగిపోయి ముఖం ఒక్కటే నిలవాలనేవారు ఎఫ్ 1.8 కోరుకుంటారు; ఇరుకు ఇళ్లలో, సామాన్ల మధ్య తీసే ఫోటోలకు ఆ కోరిక సమంజసమే. బట్ట అమ్మేవారికి మాత్రం భుజం మీది పైట, నడుము దగ్గరి కుచ్చిళ్లు, చేతిమీది కొంగు అన్నీ ఒకేసారి స్పష్టంగా కావాలి, దానికి ఎఫ్ 5.6 నుంచి 8 వరకు అవసరమవుతుంది. ఎఫ్ 1.8 నుంచి 5.6కు వెళితే సుమారు పది రెట్ల వెలుతురు కావాలి. ఫోకస్ ప్రశ్న చివరికి మళ్లీ వెలుతురు ప్రశ్నే అయ్యేది ఈ లెక్క దగ్గరే.

సాదా పట్టు మీద ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది, ఎందుకంటే పట్టుకోవడానికి దానికి అంచు కావాలి. అదే దూరంలో ఉన్న జరీ గీత మీద ఫోకస్ చేస్తే వెంటనే కుదురుతుంది. సన్నని నేత మీద అలల్లాంటి రంగుల చారలు కనిపిస్తే అది మోయిరే అనే వేరే లోపం. పోగుల వరుసా సెన్సర్ గళ్ల వరుసా ఒకదానిమీద ఒకటి పడటంవల్ల వస్తుంది, కొంచెం దగ్గరికో దూరానికో జరిగితే పోతుంది.

ఫోన్ చాలునా, కెమెరా కావాలా

ఫోన్ ప్రధాన లెన్స్ చాలా వెడల్పైనది కాబట్టి ముఖం నిండేంత దగ్గరికి వెళితే ముక్కు పెద్దదై చెవులు వెనక్కిపోతాయి. ఒకటిన్నర మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ వాడితే ముఖం సహజంగా వస్తుంది. వెనక ఉన్నదాన్ని మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్‌లోని మసక లెన్స్‌నుంచి కాకుండా లెక్కలనుంచి వస్తుంది, కనుక విడిపోయిన వెంట్రుకలనూ, కొంగు చివరి కుచ్చులనూ అది తరచుగా నేపథ్యంగా పొరబడి చెరిపేస్తుంది. కుచ్చుల పనితనానికి కూడా వెల కడుతున్న చీరకు ఆ మోడ్ వాడకపోవడమే మంచిది. మరోవైపు, చిన్న సెన్సర్ వల్ల మామూలు మోడ్‌లో ఫోన్‌కు ఫోకస్ లోతు చాలా ఎక్కువ; పరిచిన చీర ఈ చివరనుంచి ఆ చివరకు స్పష్టంగా వస్తుంది. పగటి వెలుతురులో బట్టల ఫోటోలకు ఫోన్ సరిపోతుందనీ, మసక వెలుతురులో మనుషుల ఫోటోలకు పెద్ద సెన్సర్ కెమెరా నిజంగా మెరుగనీ నా అంచనా.

కొనేవారి తెర మీద ఏం జరుగుతుంది

ఫోటో ఎంత జాగ్రత్తగా తీసినా చివరి అంకం మన చేతిలో లేదు. వాట్సాప్ ఫోటోను కుదించి పంపుతుంది, నేత వివరం అక్కడే కొంత పోతుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపికతో కొంతా, డాక్యుమెంట్‌గా పంపితే పూర్తిగా ఆ నష్టం తప్పుతుంది. అవతలి ఫోన్ రంగులను గాఢంగా చూపే వివిడ్ మోడ్‌లో ఉంటే అదే మెరూన్ మరింత ఎర్రగా కనిపిస్తుంది. మార్కెట్‌ప్లేస్ వేదికల ద్వారా అమ్మేవారికి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. ప్రకటించిన లక్షణాలకు సరిపోని సరుకును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదని అవి చెబుతున్నాయి. "రంగు కొద్దిగా తేడా ఉండవచ్చు" అనే వాక్యం కింద రాసుకోవడం చాలామంది చేస్తున్నదే కాని, దానికంటే ఉపయోగపడే పద్ధతులు ఉన్నాయి. చీరతో పాటు తెల్లకాగితం కనిపించే ఒక ఫోటో ఉంటే కొనేవారు తమ తెర ఎటు మొగ్గుతోందో పోల్చుకోగలరు. పగటి వెలుతురులో ఒకటి, పసుపు దీపాల కింద ఒకటి తీసి, ఏది ఏదో రాసి పంపితే మరీ మంచిది, ఎందుకంటే పట్టుచీర కట్టుకునేది ఎక్కువగా రాత్రి ముహూర్తాలకు, కల్యాణ మండపంలోని ఆ పసుపు దీపాల కిందే.